‘నేరం జరగలేదు’ అని రాసిన పోలీసు

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పోలీసు కాగితం విలువ అక్షరం రానివాళ్లకు కూడా తెలుసు. గొడవ జరిగిన రాత్రే స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ పడుతుంది. ఏ1 ఎవరు, ఏ2 ఎవరు అన్నది తెల్లారేలోపు ఊరంతా పాకిపోతుంది. కొట్టినవాళ్లు కొందరే ఉన్నా, అవతలి వర్గంలో కాస్త పేరున్న ప్రతివాడూ ఆ జాబితాలోకి ఎక్కుతాడు. ఆ రోజు పెళ్లికని బళ్లారి వెళ్లినవాడు ఎక్కుతాడు, కర్నూలు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్లవాడూ ఎక్కుతాడు. పేరు రాయించడం ఒక్క పూట పని. తీయించుకోవాలంటే కోర్టు వాయిదాలు, వకీలు ఫీజులు, పొలం అమ్మకాలు. అందుకే ఫ్యాక్షన్ చూసిన పల్లెల్లో మంచి ఎస్సై అంటే దొంగను పట్టినవాడు మాత్రమే కాదు. ‘ఈ మనిషి అక్కడ లేడు’ అని తేల్చి, ఆ మాట ఫైల్లో రాసి, కింద సంతకం పెట్టినవాడిని జనం ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటారు.

ఆ కొలతతో చూస్తే తెలుగు పోలీసు అధికారుల్లో నాకు ముందుగా గుర్తొచ్చే పేరు కె. విజయరామారావు. ఊరు ఏటూరునాగారం. 1959లో ఐపీఎస్‌కు ఎంపికై, హైదరాబాదు పోలీసు కమిషనరుగా పనిచేసి, 1993 జులై 31 నుంచి 1996 జులై 31 దాకా సీబీఐ డైరెక్టరుగా ఉన్నారు. ఆ తర్వాత ఎన్నికల్లో దిగి గెలిచి మంత్రి అయ్యారు. గోదావరి ఒడ్డున పుట్టిన ఈ అధికారి గురించి నంద్యాల పాఠకుడికి చెప్పడానికి కారణం ఉంది. సీబీఐని నడిపిన ఆ మూడేళ్లలో దాదాపు చివరిదాకా ఆయన పైఅధికారి నంద్యాల ఎంపీయే.

1991 జూన్ 21న పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. నంద్యాల నుంచి అప్పుడే గెలిచిన గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు కాబట్టి పోటీ పెట్టనని ఎన్టీ రామారావు ప్రకటించారు. భారతీయ జనతా పార్టీ బంగారు లక్ష్మణ్‌ను నిలబెట్టింది. నవంబరులో జరిగిన ఉప ఎన్నికలో పీవీకి 6,26,241 ఓట్లు, లక్ష్మణ్‌కు 45,944 ఓట్లు వచ్చాయి. మెజారిటీ 5,80,297. ఆళ్లగడ్డ, నంద్యాల, బనగానపల్లె ఓటర్లు వేసిన ఆ ఓట్లతో ప్రధాని కుర్చీకి పార్లమెంటు పునాది దొరికింది. సీబీఐని చూసుకునే సిబ్బంది వ్యవహారాల శాఖ ప్రధాని చేతికింద ఉంటుంది. 1993 జులై 28న అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయి ప్రభుత్వం గట్టెక్కింది. ఆ తర్వాత మూడో రోజున విజయరామారావు సీబీఐ బాధ్యత తీసుకున్నారు.

ఆ కుర్చీ ముందుకు వచ్చిన ఫైళ్లు చూస్తే గుండె జారాల్సిందే. బాబ్రీ మసీదు కూల్చివేత, హర్షద్ మెహతా సెక్యూరిటీల కుంభకోణం, 257 మంది చనిపోయిన బొంబాయి పేలుళ్లు, జైన్ హవాలా డైరీలు, ఇస్రో గూఢచర్యం. ఒక్కో కేసు ఒక్కో ప్రభుత్వాన్ని కదిలించగలిగేది. బొంబాయి పేలుళ్ల కేసు 1993 నవంబరులో సీబీఐకి వచ్చింది. పదమూడేళ్ల తర్వాత తీర్పు వచ్చినప్పుడు నూరుమంది దోషులుగా తేలారు. అది పెద్ద పనే. అయినా పనివాడి చేయి తెలియాలంటే నేను చూడమనేది ఇస్రో ఫైలు, దాని పక్కన హవాలా ఫైలు. రెండూ ఒకే డైరెక్టరు హయాంలో నడిచాయి. 1998లో రెండు నెలల వ్యవధిలో రెండూ సుప్రీంకోర్టు తూకంలోకి ఎక్కాయి. ఒకటి నిలిచింది, ఒకటి కూలింది.

ఇస్రో కేసు సంగతి ఇది. 1994 అక్టోబరు 20న తిరువనంతపురంలో మాల్దీవులకు చెందిన ఒక మహిళను వీసా గడువు దాటి ఉంటోందని కేరళ పోలీసులు అరెస్టు చేశారు. నెల తిరిగేసరికి అది దేశద్రోహం కేసు అయింది. క్రయోజెనిక్ ఇంజను రహస్యాలు పాకిస్తానుకు అమ్ముడుపోయాయన్నారు. ఇస్రో శాస్త్రవేత్తలు శశికుమారన్, నంబి నారాయణన్‌లతో కలిపి మొత్తం ఆరుగురిని జైల్లో పెట్టారు. నంబి నారాయణన్ యాభై రోజులు లోపలే ఉన్నారు. పత్రికలు రోజుకో కథ అచ్చువేశాయి. కేరళ ముఖ్యమంత్రి కరుణాకరన్ కుర్చీ కూడా ఆ గాలికే ఊగి, 1995 మార్చిలో ఆయన దిగిపోయారు. అంతకుముందే 1994 డిసెంబరు మొదట్లో కేసు సీబీఐకి చేరింది.

సీబీఐ చేతికి వచ్చేసరికి కథ పూర్తిగా తయారై ఉంది. నిందితులు ఉన్నారు, వాళ్లు చెప్పినట్టు రాసిన మాటలు ఉన్నాయి. రాష్ట్ర పోలీసులు, కేంద్ర ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారులు నిందితుల్ని విచారించి ఇది నిజమేనన్నారు. కొత్తగా వచ్చిన దర్యాప్తు అధికారికి తేలిక దారి కళ్ల ముందే ఉంది: ఆ వాంగ్మూలాలను వరసగా పేర్చి, అంచులు సరిచేసి చార్జిషీటు వేయడం. దేశం చప్పట్లు కొట్టేది.

సీబీఐ బృందం పునాది నుంచి మొదలుపెట్టింది. ఇక్కడే పనితనం దగ్గర నుంచి కనిపిస్తుంది. ఫలానా రోజున ఫలానా హోటల్లో వీళ్లంతా కలుసుకున్నారు, కాగితాలు చేతులు మారాయి, డబ్బు చేతులు మారింది అన్నది కథ. అయితే ఆ రోజు ఆ హోటల్ రిజిస్టర్లో ఎవరి పేరుంది? మేనేజరు ఏమంటున్నాడు? ఆ రోజు ఆఫీసు హాజరు పట్టీలో ఈ మనిషి సంతకం ఉందా, ప్రయాణంలో ఉన్నాడా? డబ్బు తీసుకున్నాడంటే అది ఏ బ్యాంకులో, ఏ బీరువాలో, ఏ స్థలం రిజిస్ట్రేషన్లో తేలింది? డ్రాయింగులు పోయాయంటే ఇస్రో లెక్కలో ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి? ఇవన్నీ మొదటి వారంలో కొత్త ఎస్సై అయినా వేయాల్సిన ప్రశ్నలు. మొదటి దర్యాప్తులో వీటిని ఎవరూ సరిగా వేయలేదని సీబీఐ తన నివేదికలో రాసింది. అరెస్టు చేసినవాళ్లలో కొందరి ఇళ్లు సోదా చేయలేదు. తిరువనంతపురం హోటళ్ల రికార్డులు తీసి నిందితుల మాటలతో సరిపోల్చలేదు. పైకి చూస్తే చిన్న పనులు. కేసు బతకడం, చావడం వాటిమీదే ఆధారపడి ఉంది.

ఇంకో ప్రశ్న సైన్సుకు సంబంధించింది. అమ్ముడుపోయిందన్న విద్య అసలు మన దగ్గర ఉందా? రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో క్రయోజెనిక్ సాంకేతికత కోసం 1991లో ఒప్పందం జరిగింది. 1992లో అమెరికా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా టెక్నాలజీ ఇవ్వనంది. స్వదేశీ క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. అంటే 1994లో మనం ఇంకా నేర్చుకుంటున్న విద్యను, పైగా డ్రాయింగు కాగితాలు చేతికిచ్చినంత మాత్రాన ఎవరికీ రాని విద్యను, సూట్‌కేసులో పెట్టి అమ్మారన్నారన్నమాట. ఈ సంగతి తెలియాలంటే పోలీసు శాస్త్రవేత్తల ముందు కూర్చుని, తనకు తెలియనిది అడిగి తెలుసుకోవాలి. లాఠీతో సాధించే పని కాదది.

1996 ఏప్రిల్‌లో సీబీఐ ఎర్నాకుళం మేజిస్ట్రేటు కోర్టులో తుది నివేదిక దాఖలు చేసింది. గూఢచర్యం ఆరోపణలు రుజువు కాలేదన్నంతవరకే దాని మాట ఆగలేదు. అవి అబద్ధమని తేలాయని రాసింది. ఈ రెండు మాటల మధ్య దూరం మన స్టేషన్లలో పనిచేసినవాళ్లకు తెలుసు. ‘సాక్ష్యం చాలలేదు’ అంటే నిందితుడి మీద మచ్చ అలాగే ఉంటుంది, దర్యాప్తు అధికారి ఎవరితోనూ తగువు పెట్టుకోనక్కర్లేదు. ‘అబద్ధం’ అంటే ఆ అబద్ధాన్ని పుట్టించినవాళ్ల వైపు వేలు చూపించాలి. సీబీఐ ఆ వేలు కూడా చూపించింది. మొదటి దర్యాప్తు చేసిన అధికారుల లోపాల మీద రాష్ట్రానికీ కేంద్రానికీ విడిగా రాసి పంపింది. 1996 మే 2న కోర్టు నివేదికను ఆమోదించి అందరినీ విడుదల చేసింది.

ఆ నివేదికను డైరెక్టరే కూర్చుని రాశారని నేను అనను. ఊరూరా తిరిగి రిజిస్టర్లు తిరగేసిన కష్టం కింది అధికారులది. డైరెక్టరు పని వేరే. తన సంస్థ రాసిన ప్రతి వాక్యం ఇంటెలిజెన్స్ బ్యూరో చెప్పినదాన్ని కాదంటోందని తెలిసీ, ‘కాస్త మెత్తగా రాయండి’ అని ఫైలు కిందికి తిప్పిపంపకుండా ఉండటం ఆయన పని. కేంద్రానికి రెండు చేతులుగా ఉన్న సంస్థల్లో ఒకటి రెండోదాన్ని తప్పుపట్టడం మన దగ్గర అరుదు. కేసును ఢిల్లీ పెద్దల కోసం మూసేశారన్న మాట కేరళలో గట్టిగానే వినిపించింది. ఎన్నికలై అక్కడ కొత్త ప్రభుత్వం రాగానే 1996 జూన్‌లో సీబీఐకి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుని మళ్లీ దర్యాప్తుకు ఆదేశించింది. హైకోర్టు దాన్ని తప్పుపట్టలేదు. 1998 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. చట్టానికి లోబడిన బాధ్యతగల ప్రభుత్వం చేసే పని కాదని మందలించి, బాధితులకు తలా లక్ష రూపాయలు ఇవ్వమంది. 2018 సెప్టెంబరు 14న అదే కోర్టు నంబి నారాయణన్‌కు 50 లక్షల పరిహారం ప్రకటించింది. మరుసటి ఏడాది ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఎందరో లాయర్లు, ఎన్నో ప్రభుత్వాలు ఆ నివేదికను లాగి చూశాయి. ఒక్క దారం ఊడలేదు.

ఇప్పుడు హవాలా. 1991 మే 3న సీబీఐ ఢిల్లీలో జైన్ సోదరులకు సంబంధించిన చోట సోదా చేసినప్పుడు డైరీలు, చిన్న నోటుపుస్తకాలు, ఫైళ్లు దొరికాయి. వాటిలో పొట్టి అక్షరాలు, పక్కన అంకెలు. ఆ పొట్టి అక్షరాలను విప్పితే దేశంలోని పెద్ద పెద్ద నాయకుల పేర్లు వస్తున్నాయి. చాలాకాలం ఆ ఫైలు కదల్లేదు. 1993లో పాత్రికేయుడు వినీత్ నారాయణ్ సుప్రీంకోర్టుకు వెళ్లాక, జస్టిస్ జె.ఎస్. వర్మ ధర్మాసనం వాయిదా వాయిదాకూ లెక్క అడుగుతూ సీబీఐ వెంటపడింది. 1996 జనవరిలో చార్జిషీట్లు మొదలయ్యాయి. అద్వానీ లోక్‌సభకు రాజీనామా చేశారు. పీవీ మంత్రివర్గంలోని వి.సి. శుక్లా, బలరాం జాఖడ్, మాధవరావ్ సింధియా దిగిపోయారు. మార్చి ఒకటిన సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: ఈ కేసులో సొంత ఆసక్తి ఉన్న ఏ అధికారికీ సీబీఐ సమాచారం ఇవ్వకూడదు, ఆదేశాలు తీసుకోకూడదు. ఆ మాట ఎవరి దాకా వెళ్తుందో ఢిల్లీలో అందరికీ తెలుసు. డైరెక్టరుకూ నంద్యాల ఎంపీకీ మధ్య కోర్టు గోడ కట్టింది.

కానీ ఆ చార్జిషీట్లు నిలవలేదు. వ్యాపారంలో క్రమంగా రాసుకునే పద్దుపుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు, దానొక్కదాన్నే పట్టుకుని ఎవరిమీదా బాధ్యత మోపకూడదు అని అప్పటి సాక్ష్యాధారాల చట్టం 34వ సెక్షను చెప్పేది. 1997 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు అద్వానీ, శుక్లాల మీద అభియోగాలు కొట్టేసింది. 1998 మార్చి 2న సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. స్పైరల్ నోటుబుక్కులు పుస్తకం కిందికి వస్తాయి, విడి కాగితాలు రావు. వచ్చినా, డబ్బు ఇచ్చినట్టు వేరే ఆధారం ఏదీ అన్నది కోర్టు ప్రశ్న. నంద్యాల ధాన్యం మండీలో గుమాస్తాను అడిగినా ఇదే అంటాడు: మన పద్దులో ఒకరి పేరు రాసుకున్నంత మాత్రాన వాళ్లు మనకు బాకీ పడరు.

ఇస్రో కేసులో హోటల్ రిజిస్టర్ దాకా వెళ్లిన సంస్థ, హవాలాలో నోటుబుక్కు దగ్గరే ఆగిపోయింది. సోదాకూ చార్జిషీటుకూ మధ్య పోయిన అయిదేళ్లలో డబ్బు జాడలు చల్లారిపోయాయన్నది నిజమే. మొదటి రెండేళ్లు విజయరామారావు అక్కడ లేరన్నదీ నిజమే. అయినా ఆయన సంతకం కింద వెళ్లిన కాగితం ఆయనదే. పీవీ తన ప్రత్యర్థుల మీదికి సీబీఐని వదిలారన్న విమర్శకూ, ప్రభుత్వాన్ని నిలబెట్టిన 1993 నాటి ఓట్ల వెనక డబ్బు వ్యవహారం 1996లో కోర్టు కదిపేదాకా కదలలేదన్న విమర్శకూ నా దగ్గర జవాబు లేదు. మెచ్చుకునేవాడు ఈ రెండూ దాచిపెడితే ఆ మెచ్చుకోలుకు విలువుండదు. ఒక మేలు మాత్రం మిగిలింది. 1997 డిసెంబరు 18న వినీత్ నారాయణ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు సీబీఐ డైరెక్టరుకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలంది. పెద్ద అధికారుల మీద దర్యాప్తుకు ముందస్తు అనుమతి కావాలన్న పాత ఉత్తర్వును కొట్టేసింది.

పదవీ విరమణ తర్వాత ఆయన తెలుగుదేశంలో చేరి 1999లో ఖైరతాబాదు నుంచి నిలబడ్డారు. అప్పట్లో రాష్ట్రంలోని అతి పెద్ద నియోజకవర్గాల్లో అదొకటి, అవతల ఉన్నది మురికివాడల మనిషిగా, కార్మిక నాయకుడిగా పాతుకుపోయిన పి. జనార్దనరెడ్డి. విజయరామారావు గెలిచారు. చంద్రబాబు మంత్రివర్గంలో రోడ్లు భవనాల శాఖ చూశారు. 2004లో అదే జనార్దనరెడ్డి చేతిలో ఓడారు. రాజకీయం ఆయనకు రెండో వృత్తిగానే ఉండిపోయింది.

పోలీసు దుస్తులు విడిచి జాతీయ రాజకీయాల్లో ఇంతకన్నా పైకి వెళ్లినవాళ్లు ఉన్నారు. భైరాన్ సింగ్ షెకావత్ కొంతకాలం సబ్‌ఇన్‌స్పెక్టరుగా పనిచేసి చివరికి ఉపరాష్ట్రపతి అయ్యారు. సుశీల్‌కుమార్ షిండే బొంబాయిలో సబ్‌ఇన్‌స్పెక్టరుగా మొదలై, మన రాష్ట్ర గవర్నరుగా వచ్చి, తర్వాత కేంద్ర హోం మంత్రి అయ్యారు. మన సీమలోనే సీఐ ఉద్యోగం వదిలిన గోరంట్ల మాధవ్ 2019లో హిందూపురం ఎంపీ అయ్యారు. సీబీఐ జాయింట్ డైరెక్టరుగా పేరు తెచ్చుకున్న వి.వి. లక్ష్మీనారాయణ అదే ఏడాది విశాఖలో నిలబడి ఓడిపోయారు. వీళ్లలో ఎవరి ఓట్లు ఎన్నన్నది ఎన్నికల సంఘం పుస్తకంలో దొరుకుతుంది. పోలీసుగా వాళ్లు రాసిన కాగితం ఎంతకాలం నిలిచిందన్నది కోర్టు రికార్డులోనే దొరుకుతుంది. నాకు రెండో లెక్కే ముఖ్యం.

నంద్యాల ఎంపీ సీటు కథ కూడా ఆ 1996లోనే మలుపు తిరిగింది. పీవీ నంద్యాలలో భూమా నాగిరెడ్డి మీద గెలిచినా, ఒరిస్సాలోని బరంపురం ఉంచుకుని నంద్యాలను వదిలేశారు. ఉప ఎన్నికలో గెలిచి ఆళ్లగడ్డ నాగిరెడ్డి ఢిల్లీకి వెళ్లారు. అదే ఏడాది జులై ఆఖరున విజయరామారావు సీబీఐ నుంచి దిగిపోయారు.

ఆయన 2023 ఫిబ్రవరి 13న హైదరాబాదులో కన్నుమూశారు. ఇస్రో కేసును అల్లినవాళ్ల సంగతి తేల్చమని సుప్రీంకోర్టు 2021లో సీబీఐకి చెప్పింది. 2024లో ఆ సంస్థ అప్పటి అధికారులు అయిదుగురి మీద చార్జిషీటు వేసింది. ఆ కేసు ఫలితం చూసే అవకాశం ఆయనకు దొరకలేదు.

1998 ఏప్రిల్ 29 నాటి తీర్పు ఎవరైనా చదువుకోవచ్చు. నంద్యాల జిల్లాలో కొత్తగా స్టేషన్ బాధ్యత తీసుకునే ప్రతి సబ్‌ఇన్‌స్పెక్టరూ దాన్ని ఒక్కసారి చదవాలని నా కోరిక. 2018 తీర్పు కూడా దాని పక్కన పెట్టుకుంటే, మొదటి దర్యాప్తులో ఏయే రిజిస్టర్లు తెరవలేదో వివరంగా ఉంటుంది. రేపు మీ ముందుకు పద్నాలుగు పేర్ల ఫిర్యాదు వచ్చినప్పుడు, అరెస్టుకు జీపు తీయకముందే ఆ రిజిస్టర్లు తెరవండి.